సామాన్ల గేటు

"పదింటికల్లా కింద ఉంటాను, వచ్చేయండి, తాళంచెవి మీ చేతిలో పెట్టి వెళ్ళిపోతాను," అన్నారు ఇల్లు అమ్మిన మాష్టారు నిన్న ఫోనులో. మేము కిందే ఉన్నాం, పదింటికి ముందే వచ్చి ఉన్నాం, ఆయనే లేరు. తమ్ముడు ఇంజను ఆపి స్టీరింగు మీద గడ్డం ఆనించాడు, అమ్మ మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని గోడగడియారం ఒళ్ళో పెట్టుకుంది, నేను కిటికీ పక్కన కూర్చుని భవనం వెనక గోడని చూస్తున్నాను. అద్దం పగులుతుందని అమ్మ గడియారాన్ని పెట్టెలో పెట్టనివ్వలేదు, ఒళ్ళో తెస్తానంది, తెచ్చింది, ఇప్పుడది మా మధ్య కూర్చుని టిక్కు టిక్కుమంటూ మా ప్రాణం తోడేస్తోంది. ఎదురుచూసేవాళ్ళు గడియారాన్ని ఒళ్ళో పెట్టుకోకూడదు, ఈ సామెత ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. చూడకూడదనుకుంటూనే చూశాను. పదింబావు. గోడ నిండా పైపులు, పైపుల పక్కన చిన్న చిన్న బాత్రూం కిటికీలు, ఒక కిటికీలో ఎవరిదో నీలం మగ్గు, కింద సామాన్ల గేటు, గేటు పక్కన చెత్త డబ్బాలు, ఒక డబ్బా మీద పిల్లి. లారీలు వచ్చి ఆగడం దానికి మామూలే కాబోలు, మా వైపు ఒకసారి చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. పైన నాలుగో అంతస్తులో, ఎడమ నుంచి రెండోది, వంటింటి కిటికీ, అది నాది. కాగితాల మీద మొన్నటి నుంచీ నాది. కాగితం మీద పొయ్యి వెలిగించలేం, కాగితం మీద పడుకోలేం, అయినా నాదే. ఆ కిటికీ అద్దానికి దుమ్ము పట్టింది, ఆ దుమ్ము కూడా నాదే.

ఇళ్ళు మార్చడం మా పని. నాన్న తోపుడు బండితో మొదలుపెట్టాడు, తర్వాత ఒక ముసలి లారీ కొన్నాడు, అది పోయాక ఇది వచ్చింది, ఇప్పుడు దీని వెనక తలుపు మీద పచ్చ అక్షరాల్లో మా సంస్థ పేరు, మా అందరి వీపుల మీదా అదే పేరు, పచ్చ చొక్కాలు. ఇవాళ మన సొంత పనే కదా, మామూలు బట్టల్లో వద్దామన్నాడు తమ్ముడు. నేను ఒప్పుకోలేదు. ఊరందరి ఇళ్ళకీ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వెళ్ళి, మన ఇంటికి చిరుగు బనీనుతో వెళ్తామా అన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, మేము ముందు రచ్చ గెలిచి ఇప్పుడు ఇంటికి వస్తున్నాం, కాస్త అటూ ఇటూ అయింది, అంతే. లారీ వెనకాల మా మనుషులు నలుగురూ మా సోఫా మీదే కూర్చుని ఉన్నారు, నత్త బాబాయ్ గొంతు ఒక్కటే వినిపిస్తోంది, ఏదో పాత కథ చెప్తున్నాడు, ఆయన కథ మొదలుపెడితే పియానో ఏడో అంతస్తుకి ఎక్కేదాకా అవదు. నాన్నతో పనిచేసిన మనిషి. నత్త అని పేరు పెట్టింది కూడా నాన్నే, నడక చూసి. నెమ్మదిగా నడుస్తాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఇన్నేళ్ళలో ఒక్క గ్లాసు పగలగొట్టలేదు. వేగంగా నడిచేవాళ్ళు ఎందరో వచ్చి పోయారు, ఒక్కొక్కరి లెక్కలో ఒక్కొక్క అద్దం.

ఈ గంటలో మాకు ఇల్లు లేదు. ఆ మాట మనసులోకి రాగానే నవ్వొచ్చింది. పాత ఇంటి తాళాలు పొద్దున్నే ఇచ్చేశాం, ఇంటి ఓనరమ్మ గుమ్మంలో నిలబడి గోడలు చూసింది, ఒక్క మేకు కొట్టలేదని తెలిసి కూడా వేలితో తడిమి చూసింది. మేము ఇంకా తాళ్ళు బిగిస్తుండగానే కొత్తగా అద్దెకి వచ్చేవాళ్ళ లారీ సందులోకి దూరింది. వేరేవాళ్ళ మనుషులు. ఫ్రిజ్జుని పడుకోబెట్టి తెచ్చారు, నా చేతులు ఊరుకోలేదు, దాన్ని నిలబెట్టి తాడు ఎక్కడ వేయాలో చూపించి మరీ వచ్చాను. "మన ఇల్లు ఖాళీ చేస్తూ కూడా పని నేర్పిస్తావా," అన్నాడు తమ్ముడు. అవును, నేర్పిస్తాను, చేతకాని పని చూస్తే నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది. అలా ఆ ఇల్లు వాళ్ళదైపోయింది, ఈ ఇల్లు ఇంకా మాది కాలేదు. ఇప్పుడెవరైనా మీ ఇల్లెక్కడ అంటే ఈ లారీని చూపించాలి.

సామాను వీధిలోకి వచ్చినప్పుడు తెలుస్తుంది ఎవరి బతుకెంతో. నేను చూశాను, ఎంత పెద్ద ఇంటివాళ్ళదైనా సరే, పరుపు బయటికి రాగానే మొహాలు మారిపోతాయి, దాని మీద మరకలు ఎండలో కనబడతాయి కదా. బీరువా జరిపితే వెనకాల ఏళ్ళనాటి సంగతులు పడి ఉంటాయి, ఒక చెవి పోగు, ఎప్పుడో తిట్టుకుంటూ వెతికిన రిమోటు, మడతపెట్టిన ఉత్తరం. మేము చూడనట్టు పక్కకి తిరిగి నిలబడతాం, అది మా పనిలో మొదటి పాఠం, నాన్న నేర్పింది, కళ్ళు మోసే వస్తువు మీద ఉండాలి కానీ మోయించుకునేవాళ్ళ మీద కాదు అనేవాడు. ఇవాళ పొద్దున మా సామాను మా వీధిలో నిలబడింది. రంగు పోయిన బీరువా, ఒక కాలికి చెక్క ముక్క కట్టిన బల్ల, అమ్మ మంచం. ఎప్పుడూ లోపల చూసిన వస్తువులు బయట నిలబడితే ఇంత చిన్నవిగా కనబడతాయని నాకు తెలుసు, అందరి ఇళ్ళదీ చూశాను, అయినా మావి చూసుకుంటే మనసు చివుక్కుమంది. అప్పుడు నత్త బాబాయ్ లారీలోంచి మెత్తటి దుప్పట్లు తీశాడు, పెద్దపెద్ద అద్దాల బల్లలకి, ఖరీదైన వాటికి మాత్రమే వాడే బూడిదరంగు దుప్పట్లు, వాటిని మా వంకర బల్లకి నాలుగు వైపులా చుట్టి, మూలలు లోపలికి మడిచి, తాడు వేసి బిగించాడు. ఎవరూ చెప్పలేదు. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. ఆ బల్ల మీదే నేను అక్షరాలు దిద్దాను, దానికి ఆ మర్యాద జరగాల్సిందే.

పదిన్నర. ఫోను చేశాను, మోగింది, ఎత్తలేదు. ఇందాకా చేశాను, అప్పుడూ ఎత్తలేదు. ఆయనకి కాస్త చెవుడు, అది నాకు తెలుసు, కానీ ఇన్నిసార్లు మోగితే చెవుడున్నవాళ్ళకైనా జేబు కదులుతుంది కదా. నత్త బాబాయ్‌ని సామాన్ల లిఫ్టులో పైకి పంపాను, వంటింటి తలుపు కొట్టి చూడమని. వెళ్ళడానికొక యుగం, రావడానికొక యుగం. "తాళం వేసుందమ్మా. లోపల చప్పుడు లేదు," అన్నాడు. తమ్ముడు నా వైపు చూశాడు, నేను గేటు వైపు చూశాను. ఆ మాట మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అమ్మ మాత్రం గడియారం అద్దాన్ని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టింది, ఆవిడ కంగారు పడితే అద్దాలు తుడుస్తుంది.

ఆ మాట ఏమిటంటే, అమ్మినవాళ్ళు ఖాళీ చేయకపోవడం. మేము చూశాం. ఒక కొత్త జంట, కొన్న ఇంటి ముందు సామానుతో లారీ నిలబెట్టారు, మా లారీయే, లోపలున్న పెద్దమనిషి కిటికీలోంచే మాట్లాడాడు, మా ఆవిడకి ఒంట్లో బాగాలేదు, ఒక్క నెల ఆగండి అన్నాడు. సంతకాలయ్యాయి కదండీ అంటే, అయ్యాయి, కాదన్నానా అన్నాడు. నెల రెండైంది, రెండు ఎన్నయ్యాయో. ఆ రోజు ఆ అమ్మాయి లారీ మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. మేము సామాను మళ్ళీ గోదాములో దింపాం. ఆ రోజు నేను తమ్ముడితో అన్నాను, చదువుకున్నవాళ్ళు, అంత మాత్రం జాగ్రత్త లేకపోతే ఎలా అని. అనేయడం ఎంత తేలికో. ఇప్పుడు నా జాగ్రత్త నాలుగో అంతస్తులో తాళం వేసుకుని ఉంది.

మాష్టారు అలాంటి మనిషి కాదు. కాదనే అనుకుంటున్నాను. లెక్కల మాష్టారు, ఏ మాటైనా రెండుసార్లు సరిచూసుకుని కానీ చెప్పరు. కానీ ఇవాళ కాదు రేపంటూ ఎన్నిసార్లు వాయిదా పడిందీ వ్యవహారం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు ఇల్లు కొని చూడలేదు, చూసుంటే ఆ సామెత ఇంకా పొడుగయ్యేది. ముందు బ్యాంకువాళ్ళు, ఒక కాగితం ఇస్తే ఇంకో కాగితం, అది ఇస్తే మొదటిది పాతబడిందన్నారు. చెప్పులరిగేలా తిరిగాను. ఆ కుర్చీలో కూర్చున్న ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మీ వారేం చేస్తారు అన్నాడు. లేరు, నేనే చేస్తాను అన్నాను. ఏం చేస్తారు అన్నాడు. మీ బ్యాంకు పాత భవనం నుంచి ఈ భవనానికి మారినప్పుడు మీ ఇనప్పెట్టె మోసింది నేనే, ఆ మూల నుంచి ఈ మూలకి, కావాలంటే నేల మీద గీత కూడా పడలేదు చూసుకోండి అన్నాను. ఆయన నిజంగానే వంగి చూశాడు. తర్వాత టీ తెప్పించాడు. టీ తాగినా కాగితాలు తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాత మాష్టారి అక్కయ్య సంతకం. ఇల్లు ఇద్దరి పేరునా ఉందని ఆఖర్న తెలిసింది, ఆవిడ ఎక్కడో దూరంగా ఉంటుంది, సంతకం పెట్టడానికి బయల్దేరి స్టేషన్లో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఆవిడ కాలు అతికేదాకా మా ఇల్లు ఆగింది. ఆవిడకి కట్టు విప్పారని తెలిసిన రోజు అమ్మ సొంత అక్క కోలుకున్నంత సంబరపడింది, ఇప్పటిదాకా ఆవిడ మొహం మేము చూడలేదు. ఈలోగా పాత ఇంటి ఓనరమ్మ ఖాళీ ఎప్పుడు, ఖాళీ ఎప్పుడు అని పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి. ముందు నుయ్యి వెనక గొయ్యి, మధ్యలో మా అట్టపెట్టెలు. సగం కట్టేసి పెట్టిన ఇంట్లో బతకడం నరకం, కావలసిన గరిటె ఎప్పుడూ అడుగు పెట్టెలోనే ఉంటుంది. మేమే చెప్తాం అందరికీ, ముందే సర్దకండమ్మా, మేమొచ్చి సర్దుతాం అని. మా ఇంట్లో మాత్రం అమ్మ నెల ముందే సర్దేసింది. ఆశ ఉన్నవాళ్ళు ముందే సర్దుకుంటారు, ఎవరు చెప్పినా వినరు, ఇన్నేళ్ళకి నాకది మా ఇంట్లోనే తెలిసింది.

ఈ ఇంటిని నేను మొదటిసారి చూసింది రెండు పనుల మధ్య దొరికిన ఖాళీలో. ఇదే గేటు దగ్గర లారీ ఆపి, ఇదే లిఫ్టులో ఎక్కాను. లిఫ్టు చూసి సంతోషపడ్డాను, వెడల్పు, మంచి ఎత్తు, తలుపు సాఫీగా జరుగుతుంది. లిఫ్టు ఎదురుగానే వంటింటి తలుపు, కొడితే మాష్టారే తీశారు, చేతిలో సగం తరిగిన క్యారెట్. ఇల్లు చూడ్డానికి వచ్చానన్నాను. ఇటు నుంచా అని కాస్త తడబడి, రండి రండి అన్నారు. ఇల్లు కొనేవాళ్ళు వెలుతురు చూస్తారు, గాలి చూస్తారు, కుళాయి తిప్పి చూస్తారు. నేను అరచెయ్యి చాపి తలుపులు కొలిచాను, జానలతో, నాన్న కొలిచినట్టే. హాలు మలుపులో బీరువా తిరుగుతుందా లేదా మనసులోనే తిప్పి చూశాను, తిరిగింది, పడకగది గుమ్మం దగ్గర ఒక పక్కకి వంచాను, దూరింది. అమ్మ మంచాన్ని కిటికీ కింద వేశాను. తమ్ముడి మంచం ఇటు. మాష్టారు వెనకాలే నడుస్తూ, "ఏమన్నా నచ్చలేదా, ఏమీ మాట్లాడటం లేదు?" అన్నారు. అప్పటికి నేను సామానంతా దింపేసి, మా బల్ల ముందు కూర్చుని టీ తాగుతున్నాను. ఆ మాట ఆయనకెలా చెప్పను. "పడుతుందండీ," అన్నాను. ఏం పడుతుందో ఆయనకి అర్థం కాలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు వచ్చాను, కాగితాలకీ, మాటలకీ, ఎప్పుడూ ఏదో ఒక పని మధ్యలోనే, లారీ ఇక్కడ ఆపి, ఆ లిఫ్టులో ఎక్కి, ఆ వంటింటి తలుపు కొట్టి.

"అక్కా, ఇంకోసారి ఫోన్ చెయ్యి," అన్నాడు తమ్ముడు.

"చెయ్యను."

"చెయ్యనంటే? మబ్బు చూడు ఎలా ఉందో. పైన పరుపులున్నాయి."

"టార్పాలిన్ నేనే కట్టాను. తడవవు."

"తడుస్తాయని కాదే, మనం ఇలా ఎంతసేపు..."

"పనికోసం వచ్చినవాళ్ళం పదిసార్లు చేస్తాం, ఇంటావిడ ఎక్కడున్నారు, మేము వచ్చాం, గేటు తియ్యండి అని. ఇవాళ మనం పనికి రాలేదు. కొన్నవాళ్ళం. ఆయనే చెయ్యాలి."

వాడు స్టీరింగుని రెండు వేళ్ళతో కొట్టాడు. గర్వమా అంటే, గర్వమే. నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఎవరూ ఇవ్వలేదు, నేనే సంపాదించుకున్నాను. ఆడపిల్ల బీరువా మోస్తుందా అని నవ్విన మెట్ల మీదే, కింది అంచు నేను పట్టుకున్నాను, కింది అంచు మీదే బరువంతా ఉంటుంది, నవ్వినవాడు పై అంచు పట్టుకుని వెనక్కి నడిచాడు. నాన్న వెన్ను పట్టేసి మంచమెక్కినప్పుడు ఇక ఈ పని మానేయండని బంధువులందరూ అన్నారు, లారీ అమ్మెయ్యమన్నారు. అమ్మ మాత్రం మర్నాడు పొద్దున్నే నాకు నాన్న చేతితొడుగులు కడిగి ఆరేసి ఇచ్చింది. నాన్న పోయేనాటికి మాకు పని చేతినిండా ఉంది. మంచం మీద నుంచే అడిగేవాడు, ఇవాళ ఎవరిల్లు, ఎన్నో అంతస్తు, ఏమన్నా పగిలిందా అని. లేదు నాన్నా అంటే కళ్ళు మూసుకునేవాడు. అలా ఒక్క మాటతో నిద్రపోయిన మనిషికి ఈ వంటింటి కిటికీ చూపించాలని ఉంది. చూపించలేను. ఆ బాధ బాధే, దాన్నీ మోస్తూనే ఉన్నాను, బరువు మోయడం వచ్చు కాబట్టి పడిపోలేదు.

పదకొండు కావస్తోంది. అమ్మ గడియారాన్ని నా ఒళ్ళో పెట్టింది. "నేను దిగాలి, ఇంక ఆగలేను. ఇక్కడెక్కడన్నా బాత్రూం ఉంటుందేమో చూస్తాను," అంది. నేనూ వస్తానన్నాను. "నువ్వు ఇక్కడుండు, ఆయనొస్తే ఎవరు మాట్లాడతారు, మీ తమ్ముడికి కోపం తప్ప మాట రాదు," అంది, తమ్ముడి మోకాలు మీద చరిచి, నన్ను దాటుకుని దిగింది. గేటు పక్కన నడుచుకుంటూ గోడ మలుపు తిరిగింది. అమ్మ గాజు సామాను కట్టే మనిషి, ఆవిడ చేత్తో కట్టిన గ్లాసుని నేల మీద పడేసినా పగలదు, ఎవరింటికి వెళ్ళినా వంటింట్లో ఒక మూల కూర్చుని పాత పేపర్లు నలిపి నలిపి ఒక్కొక్కటీ చుట్టి పెట్టేది. ఎన్ని ఇళ్ళ గ్లాసులో. ఒకసారి ఎవరో ఆవిడ, మీ ఇంట్లో కూడా ఇలాంటి సెట్టు ఉందా అని అడిగితే, ఉందండీ, రోజుకో ఇంట్లో ఉంటుంది అంది అమ్మ. నవ్వకుండా అంది. ఆ రాత్రి నాన్నకి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఈ ఇల్లు కొందామని మొదట అన్నది కూడా ఆవిడే, నేను కాదు, తమ్ముడు కాదు. ఇంకొకరి వంటింట్లో కూర్చుని చుట్టడం అయిపోయింది, ఇక నాది నేను విప్పుకుంటాను అంది.

తాళంచెవి ఇవాళ రాకపోతే ఏం చేస్తాం. గోదాము ఉంది, సామాను దింపొచ్చు. అమ్మని ఎక్కడ దింపను. రేపు పొద్దున లారీకి వేరే పని ఉంది, మాట ఇచ్చాం. ఏ లాడ్జిలోనో అమ్మ ఒళ్ళో ఈ గడియారంతో కూర్చుంటే, నేను పక్కన నిలబడి, ఇంకెన్ని రోజులే అని ఆవిడ అడగకపోతే, అడగదు, అదే నాకు భయం. అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు. అడగని మనిషికి ఏం చెప్తాం. ఫోను చేతిలోకి తీసుకున్నాను. గర్వం, గర్వం, ఎవరికి కావాలి ఈ గర్వం. నంబరు నొక్కాను. మోగుతోంది. మోగుతూనే ఉంది.

అమ్మ వస్తోంది. మలుపు తిరిగి, ఎప్పుడూ నడవనంత వేగంగా, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని. మొహం చూస్తే ఏమీ తెలియలేదు, ఏడుస్తోందో నవ్వుతోందో. కిటికీ దగ్గరికి వచ్చి తలుపు మీద చెయ్యి వేసి ఊపిరి తీసుకుంది.

"ఉన్నారే."

"ఎవరు?"

"మాష్టారు. ముందు వైపు. మెట్ల మీద సూట్‌కేసు పెట్టుకుని కూర్చున్నారు. మనం ఇంకా రాలేదేంటని తొమ్మిదిన్నర నుంచీ అక్కడే కూర్చున్నారట. మన మనసు మారిందేమోనని పాపం ఆయనకి ఒకటే భయం."

"ముందు వైపా?"

"అవునే. ఈ బిల్డింగుకి ముందు ఒకటుంది. మెట్లున్నాయి, పూలకుండీలున్నాయి, పెద్ద అద్దాల తలుపుంది." అమ్మ చొక్కా అంచుతో మొహం తుడుచుకుంది. "మీరెందుకు వెనకాల ఆగారండీ అన్నారు. నేనేం చెప్పను?"

తమ్ముడు గట్టిగా నవ్వాడు, నవ్వు మధ్యలో ఆగిపోయింది. నాకు మొహం వేడెక్కింది, చెవులు వేడెక్కాయి. ఇంతసేపూ ఆయన రాలేదు, ఆయన తప్పించుకున్నాడు, ఆయన మనసు మార్చుకున్నాడు, అని ఆయన మీద అన్ని నిందలూ మోపాను, ఆయన కిందే ఉన్నారు, చెప్పిన మాట చెప్పినట్టే. కొన్నవాళ్ళం, ఆయనే ఫోన్ చెయ్యాలి అని అంత పొగరుగా అన్నదాన్ని, కొన్నవాళ్ళు ఎటు నుంచి వస్తారో నాకు తోచలేదు. తమ్ముడికి తోచలేదు, నత్త బాబాయ్‌కి తోచలేదు, వెనక కూర్చున్నవాళ్ళలో ఒక్కడికీ తోచలేదు. ఎన్నిసార్లు వచ్చి ఇల్లు చూసుకున్నాను, ఈ భవనం మొహం ఎలా ఉంటుందో చూడలేదు, చూడాలని అనిపించనే లేదు. కాసేపు సిగ్గుపడ్డాను. తర్వాత కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు, పైపుల మీద, చెత్త డబ్బాల మీద, నా మీద. తర్వాత అమ్మ మొహం చూశాను. ఆవిడ ఎదురుచూస్తోంది, నేనేమంటానా అని, నేనేమంటే ఇదంతా అదే అయిపోతుందని తెలిసినట్టు.

"దిగండి," అన్నాను. "అందరూ దిగండి."

నత్త బాబాయ్ అప్పటికే లారీ వెనక తలుపు తీసి, అలవాటు కొద్దీ ఒక కుర్చీ భుజానికెత్తుకున్నాడు, ఇంకొకతను పెట్టె పట్టుకున్నాడు. "అవి లోపల పెట్టెయ్యి బాబాయ్," అన్నాను. "సామాను తర్వాత. ముందు మనం వెళ్దాం." ఆయన నా వైపు చూసి, కుర్చీని ఎంత నెమ్మదిగా దించాడంటే నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. లారీకి తాళం వేశాం. పచ్చ చొక్కాల్లో అందరం, మధ్యలో అమ్మ, గోడ పక్కనుంచి నడిచి మలుపు తిరిగాం.

అమ్మ చెప్పినట్టే ఉంది. వెడల్పాటి మెట్లు, వాటి మీద మాష్టారు, మమ్మల్ని చూసి గబగబా లేచి నిలబడ్డారు. "ఎంత కంగారు పెట్టారమ్మా," అన్నారు. "ఫోన్ చేద్దామంటే ఎక్కడ పెట్టానో తెలియలేదు, ఈ సూట్‌కేసు అడుగున ఎక్కడో ఉన్నట్టుంది." ఇల్లు వదిలి వెళ్ళే మనిషికి కూడా ఫోను అడుగునే ఉంటుంది. తాళంచెవి ఆయన గుప్పిట్లోనే ఉంది, తొమ్మిదిన్నర నుంచీ అక్కడే ఉన్నట్టుంది, ఇచ్చినప్పుడు వెచ్చగా తగిలింది. ఇన్నాళ్ళ కాగితాల అలవాటుతో సంతకం ఎక్కడ పెట్టాలండీ అనబోయి నాలుక కరుచుకున్నాను. "పైకి నేను రానమ్మా, పొద్దున్నే అంతా చూసుకున్నాను," అన్నారు ఆయన, ముక్కు చీదుకుని. తమ్ముడు ఆయన సూట్‌కేసు అందుకుని రోడ్డు దాకా వెళ్ళి దింపి వచ్చాడు, రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాడు.

అద్దాల తలుపు దగ్గర వాచ్‌మన్ బల్ల వెనక నుంచి లేచాడు. మర్యాదగానే లేచాడు. మా పచ్చ చొక్కాలు చూశాడు, చెయ్యి గోడ మలుపు వైపు చూపించాడు.

"సామాను మోసేవాళ్ళు వెనక నుంచండీ. లిఫ్టు అటుంది."

చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి, ఈ గంటలో కూడబెట్టినవి. కానీ మాట్లాడింది నత్త బాబాయ్. ఎప్పటిలాగే తొందర లేకుండా, గొంతు సవరించుకుని, మధ్యలో ఆగి, ఆలోచించుకుని.

"సామాను వెనకే ఉందయ్యా. మేము ఇంటివాళ్ళం."

మేము అన్నాడు. ఆయనకి మా ఇంటితో రక్తసంబంధం లేదు, కాగితాల మీద ఆయన పేరు ఎక్కడా లేదు, ఊరి అవతల ఆయనకో అద్దె గది ఉంది. వెనక నిలబడ్డ మిగతావాళ్ళు కదలకుండా నిలబడ్డారు, ఎవరూ నవ్వలేదు. వాచ్‌మన్ నా వైపు చూశాడు, అవునా అని. నేను తాళంచెవి ఎత్తి చూపించాను. నాకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు, బ్యాంకులో కలగలేదు, సంతకాలప్పుడు కలగలేదు. "అవును, అందరం," అన్నాను. అతను తలుపు తీసి పట్టుకున్నాడు.

నాలుగో అంతస్తులో మా ఇంటి ముందు తలుపుని నేను ఎప్పుడూ బయటి నుంచి చూడలేదు, గోధుమ రంగు వేసి ఉంది, తాళం ఎటు తిరుగుతుందో తెలియక ముందు తప్పువైపు తిప్పాను. తెరిచి గోడకి ఆనుకుని పక్కకి తప్పుకున్నాను, బరువుతో వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి కదా. ఎవరి భుజం మీదా ఏమీ లేదు. అమ్మ వెళ్ళింది, తమ్ముడు వెళ్ళాడు, బాబాయ్ గుమ్మం దగ్గర ఆగి, ఖాళీగా ఉన్న రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి చొక్కాకి తుడుచుకుని, తలకాస్త వంచి లోపలికి వెళ్ళాడు. అందరూ వెళ్ళాక నేనూ వెళ్ళాను.